బడుల్లో మానసిక సహాయానికి అమెరికా ప్రభుత్వ నిధులు: గ్రాంటు ముగిసే రోజును ముందే లెక్కపెట్టుకోండి

మీరు రాసిన వివరాలను బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. మీ పిల్లలు చదువుతున్న స్కూల్ డిస్ట్రిక్టులో, అంటే మీ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ పరిధిలో, నిరుడు ఆరు నెలల వ్యవధిలో ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. ఆ దెబ్బ నుంచి పిల్లలు ఇంకా కోలుకోలేదు. వారికి బడిలోనే మానసిక సహాయం అందించడానికి ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ గ్రాంటు తెచ్చుకోవాలని డిస్ట్రిక్టు ఆలోచిస్తోంది, తల్లిదండ్రుల తరఫున మిమ్మల్ని ఆ కమిటీలో వేశారు. ఎలాంటి నిధులు ఉన్నాయి, వాటిని దేనికి ఖర్చు చేయాలి, గ్రాంటు కాలం ముగిశాక ఏమవుతుంది అని మూడు ప్రశ్నలు అడిగారు. నేను పదకొండేళ్లు స్కూల్ సైకాలజిస్టుగా, ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఇలాంటి గ్రాంట్లకు దరఖాస్తులు రాసి, వచ్చిన డబ్బును నడిపించే పనిలో ఉన్నాను. మీ మూడో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటి రెండింటి జవాబులూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

నేను పనిచేసిన ఒక డిస్ట్రిక్టులో మూడేళ్ల గ్రాంటుతో ముగ్గురు కౌన్సెలర్లను నియమించాం. మొదటి సంవత్సరంలో దాదాపు సగం కాలం ఆ నియామకాలకే పోయింది. రెండో సంవత్సరంలో పిల్లలకు ఆ గది అలవాటైంది, ఎవరూ పంపకుండానే తలుపు తట్టడం మొదలుపెట్టారు. మూడో సంవత్సరం జనవరి వచ్చేసరికి ముగ్గురిలో ఇద్దరు వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. వారిని తప్పుపట్టడానికి లేదు, జూన్ తర్వాత జీతం ఉండదన్న సంగతి వారికి తెలుసు. తండ్రిని పోగొట్టుకున్న ఒక ఏడో తరగతి అబ్బాయి ఏడాదిన్నర పాటు వారం తప్పకుండా వచ్చేవాడు. తన కౌన్సెలర్ వేసవి సెలవుల తర్వాత ఉండదని తెలిసిన మరుసటి వారం నుంచి రావడం మానేశాడు. మేము కబురు చేసినా రాలేదు. ఆమె వెళ్లిపోయేలోపు తానే ముందు వెళ్లిపోవాలనుకున్నాడని నా నమ్మకం. ఆ సంవత్సరం తర్వాత నేను రాసిన ప్రతి దరఖాస్తులోనూ చివరి పేజీనే ముందు నింపాను: గ్రాంటు ఆగిపోయిన తర్వాత వచ్చే ఆగస్టులో ఈ మనిషికి జీతం ఎవరిస్తారు? మీ కమిటీ మొదటి సమావేశంలో అడగవలసిన ప్రశ్న కూడా ఇదే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ట్రామా స్వభావంలోనే ఉంది. ట్రామా అంటే జరిగిపోయిన దుర్ఘటన ఒక్కటే కాదు. ఆ ఘటన ముగిసి చాలా కాలమైనా పిల్లవాడి శరీరమూ మనసూ ప్రమాదం ఇంకా ఎదురుగానే ఉన్నట్టు మెలగడం కూడా. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడతాడు, రాత్రి నిద్ర ఉండదు, పాఠం చెవికెక్కదు, చిన్న మాటకే చేయి చేసుకుంటాడు, లేదా ఎవరితోనూ మాట్లాడకుండా వెనక బెంచీలో కూర్చుండిపోతాడు. బడిలో ఇది క్రమశిక్షణ సమస్యగా, బద్ధకంగా, కొన్నిసార్లు మంచి ప్రవర్తనగా కూడా కనబడుతుంది. ఇలాంటి పిల్లవాడికి పద్ధతి ఎంత అవసరమో, ఆ పద్ధతిని నడిపే మనిషి నిలకడగా ఉండడం కూడా అంతే అవసరం. మనుషులు అకస్మాత్తుగా మాయమైపోతారన్న భయంతో బతుకుతున్నవాడికి ఇంకొక మనిషిని ఇచ్చి, బడ్జెట్ కారణంతో మళ్లీ తీసేసుకుంటే మనం చేసిన మేలులో కొంత మన చేతులతోనే చెరిపేసినట్టవుతుంది.

అయితే ఈ సహాయం బడిలోనే ఎందుకు, బయట క్లినిక్కులు ఉన్నాయి కదా అని మీ స్కూల్ బోర్డులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వారికి చెప్పడానికి న్యూ ఆర్లీన్స్ ఉదాహరణ దగ్గర పెట్టుకోండి. 2005లో కత్రినా తుపాను వచ్చిన పదిహేను నెలల తర్వాత, ట్రామా లక్షణాలున్న 118 మంది పిల్లలను రెండు బృందాలుగా విభజించి, ఒక బృందానికి బడిలోనే గ్రూపు చికిత్స, రెండో బృందానికి క్లినిక్కులో చికిత్స ఇవ్వజూపారు. రెండు చికిత్సలూ పనిచేసేవే, తీసుకున్న పిల్లలు రెండు చోట్లా మెరుగుపడ్డారు. తేడా అంతా మొదలుపెట్టడంలో వచ్చింది. బడిలో ఇవ్వజూపిన పిల్లల్లో 98 శాతం మంది చికిత్స మొదలుపెడితే, క్లినిక్కుకు రమ్మన్నవారిలో 37 శాతం మంది మాత్రమే మొదలుపెట్టారు. ప్రయాణం, తల్లిదండ్రుల ఉద్యోగ వేళలు, ఖర్చు, నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచం అన్నీ క్లినిక్కు తలుపు దగ్గరే అడ్డుపడతాయి. బడిలో ఇచ్చిన ఆ గ్రూపు చికిత్సను ఇక్కడి వాళ్లు సీబిట్స్ అంటారు. లాస్ ఏంజిలెస్ స్కూల్ డిస్ట్రిక్టు, రాండ్ పరిశోధన సంస్థ, యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం కలిసి దానిని తయారుచేశాయి. ఒక పీరియడ్ నిడివితో పది గ్రూపు సమావేశాలు, వాటితోపాటు పిల్లవాడితో ఒంటరిగా ఒకటి నుంచి మూడు సార్లు, తల్లిదండ్రులతో రెండు సార్లు, ఉపాధ్యాయులతో ఒకసారి మాట్లాడడం, ఇంతే దాని స్వరూపం. హింసను చూసిన ఆరో తరగతి పిల్లల మీద జరిపిన పరీక్షలో మూడు నెలల్లోనే ట్రామా లక్షణాలు బాగా తగ్గినట్టు 2003లో వెలువడిన అధ్యయనం చూపించింది. దరఖాస్తులో రుజువులున్న పద్ధతి ఏదని అడిగే చోట దీనిని నిశ్చింతగా రాయవచ్చు.

ఇక నిధుల సంగతి. వాటిని శాఖల పేర్ల ప్రకారం గుర్తుపెట్టుకోవాలంటే తల తిరుగుతుంది. ఎంత కాలం నిలిచే డబ్బు అన్న దృష్టితో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

అన్నింటికంటే తక్కువ కాలం నిలిచేది, మీకు అన్నింటికంటే ముందు పనికొచ్చేది, ఫెడరల్ విద్యాశాఖ ఇచ్చే ప్రాజెక్ట్ సర్వ్. హింస వల్లగానీ మరొక విషాదం వల్లగానీ చదువు సాగే వాతావరణం దెబ్బతిన్న బడులకు తిరిగి నిలదొక్కుకోవడానికి ఈ డబ్బు ఇస్తారు. బడుల్లో కాల్పులు జరిగిన న్యూటౌన్‌కూ యువాల్డీకీ కూడా ఈ దారిలో నిధులు వెళ్లాయి. దీనికి సంవత్సరానికి ఒకసారి వచ్చే గడువు తేదీ ఉండదు, ఘటన జరిగినప్పుడే దరఖాస్తు చేయవచ్చు. అదనపు కౌన్సెలర్లకు, ఉపాధ్యాయులు కోలుకునేదాకా వారి స్థానంలో పనిచేసేవారికి, అదనపు పని గంటలకు దీనిని వాడవచ్చు. విషాదం జరిగిందని చెబితే మాత్రం సరిపోదు, దానివల్ల చదువు ఎలా దెబ్బతిన్నదో చూపించాలి: హాజరు ఎంత పడిపోయింది, నర్సు గదికి వచ్చే పిల్లల సంఖ్య ఎంత పెరిగింది, ఎంతమంది ఉపాధ్యాయులు సెలవు పెట్టారు. మీ డిస్ట్రిక్టు ఈ లెక్కలు ఇప్పటికే తీసి ఉంచకపోతే ఈ వారమే తీయమని చెప్పండి, నెలలు గడిచేకొద్దీ ఆ సంబంధాన్ని చూపించడం కష్టమవుతుంది.

రెండో రకం మూడు నుంచి ఐదేళ్లు నిలిచే పోటీ గ్రాంట్లు. న్యూటౌన్‌లోని శాండీ హుక్ పాఠశాలలో 2012 డిసెంబరు 14న ఇరవై మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు కాల్పులకు బలైన తర్వాత వచ్చిన ఆలోచనల ఫలితంగా 2014లో ప్రాజెక్ట్ అవేర్ మొదలైంది. దానిని ఆరోగ్య శాఖ కింద మానసిక ఆరోగ్య కార్యక్రమాలు చూసే సామ్సా అనే సంస్థ నడుపుతోంది. ఇందులో ఎక్కువగా రాష్ట్ర విద్యాశాఖే దరఖాస్తుదారుగా ఉండి కొన్ని డిస్ట్రిక్టులను వెంట తీసుకుంటుంది కాబట్టి, మీ రాష్ట్రానికి ఇప్పటికే గ్రాంటు ఉందో లేదో కనుక్కోవడం మొదటి పని. ట్రామాకు నేరుగా సంబంధించినది 2018 అక్టోబరులో వచ్చిన సపోర్ట్ చట్టంలోని 7134వ సెక్షన్. బడులను స్థానిక మానసిక ఆరోగ్య వ్యవస్థలతో కలపడానికి రాష్ట్ర విద్యాశాఖలకు, డిస్ట్రిక్టులకు, ఆదివాసీ తెగల సంస్థలకు గ్రాంట్లు ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతోంది. బడికీ మానసిక ఆరోగ్య శాఖకూ బాలల సంక్షేమ విభాగానికీ బాల నేరస్థుల న్యాయ విభాగానికీ మధ్య లిఖితపూర్వక ఒప్పందాలు ఉండాలని కూడా అందులోనే ఉంది. ఈ ఒప్పందాలు కుదరడానికి నెలలు పడుతుంది. గ్రాంటు ప్రకటన వచ్చాక మొదలుపెట్టినవాళ్లు దాదాపు ఎప్పుడూ వెనకబడతారు, కాబట్టి గ్రాంటు వచ్చినా రాకపోయినా వాటిని ఇప్పుడే రాయించుకోండి. డబ్బు లేకుండా కూడా పిల్లలకు మేలు చేసే పని ఇది.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి, ఎందుకంటే వార్తలు చదివే తల్లిదండ్రులు తరచుగా మోసపోయేది దీని దగ్గరే. కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఒక చట్టంలో ఇంత డబ్బు ఖర్చు చేయవచ్చని రాయడం వేరు, ప్రతి ఏడాదీ బడ్జెట్‌లో ఆ డబ్బు నిజంగా కేటాయించడం వేరు. 7134వ సెక్షన్ 2019 నుంచి 2023 వరకు ఏడాదికి 5 కోట్ల డాలర్ల చొప్పున అనుమతించింది, కేటాయింపులు మాత్రం ఆ మొత్తం దరిదాపులకు కూడా చేరలేదు. మీ అధికారులు ఏదైనా కార్యక్రమం పేరు చెప్పినప్పుడు, ఈ సంవత్సరం కేటాయింపు ఎంత, కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారా లేక పాత గ్రాంట్ల కొనసాగింపుకే సరిపోతోందా అని అడగండి.

యువాల్డీ కాల్పుల తర్వాత 2022 జూన్ 25న సంతకమైన బైపార్టిజన్ సేఫర్ కమ్యూనిటీస్ చట్టంలో కేటాయింపు కూడా చట్టంతోనే వచ్చింది, ఆ విధంగా అది మిగతావాటికంటే గట్టిది. బడుల్లో మానసిక ఆరోగ్య నిపుణులను నియమించి నిలబెట్టుకోవడానికి 50 కోట్ల డాలర్లు, విశ్వవిద్యాలయాలతో కలిసి కొత్త నిపుణులను తయారుచేయడానికి మరో 50 కోట్లు, ఐదేళ్ల పాటు ఏటా కొంత చొప్పున ఇచ్చే ఏర్పాటు చేశారు. రెండు పార్టీల వారూ ఓటు వేసిన చట్టం కాబట్టి ఈ డబ్బుకు ఢోకా ఉండదని అప్పట్లో చాలామంది అనుకున్నాం. 2025 ఏప్రిల్ 29న విద్యాశాఖ ఆ గ్రాంట్లను పొందుతున్నవారికి మిగిలిన సంవత్సరాల డబ్బు కొనసాగించబోమని నోటీసులు పంపింది. మొత్తం విలువ సుమారు వంద కోట్ల డాలర్లు. 16 రాష్ట్రాలు సియాటిల్‌లోని ఫెడరల్ కోర్టుకు వెళ్లాయి, ఆ సంవత్సరం అక్టోబరులో ఆ రాష్ట్రాల్లోని పలు గ్రాంట్ల విషయంలో న్యాయమూర్తి నిలిపివేతను అడ్డుకున్నారు. కోర్టులో ఏ పక్షం గెలిచినా, నోటీసు అందిన వారంలోనే ఉద్యోగాలు వెతుక్కోవడం మొదలుపెట్టిన కౌన్సెలర్లు తీర్పు వచ్చేదాకా ఆగరు. ఐదేళ్ల గ్రాంటు అంటే ఐదు ఒక ఏడాది గ్రాంట్లేనని, ప్రతి ఏడాదీ కొనసాగింపు ఉత్తర్వు రావాలని కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. ఆ వాక్యాన్ని మేమంతా మామూలు లాంఛనంగా చదివి వదిలేశాం. మీ కమిటీ అలా వదిలేయకూడదు.

కరోనా కాలంలో వచ్చిన డబ్బు గురించి మీరు విడిగా అడిగారు. మూడు విడతల్లో బడులకు దాదాపు 19,000 కోట్ల డాలర్లు వచ్చాయి, చాలా డిస్ట్రిక్టులు అందులోంచి కౌన్సెలర్లను నియమించుకున్నాయి. చివరి విడత డబ్బును 2024 సెప్టెంబరు 30లోపు ఖర్చుకు కట్టుబడి తీరాలన్నది నియమం. ఆ దారి మూసుకుపోయింది.

మూడో రకం డబ్బు చిన్నదే అయినా నమ్మకమైనది: పోటీ లేకుండా, లెక్క ప్రకారం ఏటా డిస్ట్రిక్టుకు వచ్చి చేరేది. ఫెడరల్ విద్యా చట్టంలోని టైటిల్ ఫోర్ పార్ట్ ఏ అనే భాగం కింద 30,000 డాలర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పొందే డిస్ట్రిక్టు, అందులో కనీసం 20 శాతాన్ని విద్యార్థుల భద్రత, ఆరోగ్యం కోసం ఖర్చు చేయాలి. మానసిక సహాయం ఆ పద్దులోకి వస్తుంది. ఆ 20 శాతం మీ డిస్ట్రిక్టులో ఎక్కడికి పోతోందో అడిగి చూడండి. కొన్ని చోట్ల ఏళ్ల తరబడి అదే పాత ఖర్చుల మీద, ఎవరూ మళ్లీ చూడకుండా పోతూ ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఐడియా అనే చట్టం కింద వచ్చే నిధుల్లో కూడా 15 శాతం వరకు, ప్రత్యేక విద్యలోకి ఇంకా చేరని, కానీ చదువులో గానీ ప్రవర్తనలో గానీ తోడ్పాటు కావలసిన పిల్లలకు ముందుగానే వాడుకోవచ్చు. అయితే 1975లో ఆ చట్టం వచ్చినప్పుడు అదనపు ఖర్చు కోసం సగటు విద్యార్థి వ్యయంలో 40 శాతం దాకా ఇస్తామన్న కాంగ్రెస్, మామూలు సంవత్సరాల్లో అందులో సగం కూడా ఇవ్వలేదు. ప్రత్యేక విద్య విభాగం వాళ్లు ఆ డబ్బును గట్టిగా పట్టుకుని కూర్చుంటే వారిని అర్థం చేసుకోవాలి.

నాలుగోది మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. నిజానికి దీని గురించే నేను ఎక్కువ చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఆగస్టు జీతం ప్రశ్నకు చాలా డిస్ట్రిక్టుల్లో నిలబడే జవాబు ఇదొక్కటే. దేశంలో ప్రతి పదిమంది పిల్లల్లో సుమారు నలుగురికి మెడికెయిడ్ లేదా దానికి తోడుగా ఉన్న చిప్ పథకం ద్వారా బీమా ఉంది. 1988లో మార్చిన చట్టం ప్రకారం ప్రత్యేక విద్యా ప్రణాళికలో రాసిన సేవలకు మెడికెయిడ్ బడికి డబ్బు చెల్లించవచ్చు. అందరికీ ఉచితంగా ఇచ్చే సేవలకు మాత్రం చెల్లించబోమన్న పాత నియమం ఒకటి ఉండేది. దానివల్ల మామూలు విద్యార్థితో కౌన్సెలర్ గడిపిన గంటకు బడికి ఏమీ వచ్చేది కాదు. 2014 డిసెంబరు 15న ఫెడరల్ ప్రభుత్వం ఆ నియమాన్ని తీసేసింది. అప్పటినుంచి, పిల్లవాడికి మెడికెయిడ్ ఉండి, సేవ చేసినవారికి రాష్ట్రం గుర్తించిన అర్హత ఉంటే, ప్రత్యేక విద్యా ప్రణాళిక లేకపోయినా బడి బిల్లు పంపవచ్చు. కాకపోతే చాలా చోట్ల రాష్ట్రం తన మెడికెయిడ్ ప్రణాళికను అందుకు తగినట్టు సవరించుకోవాలి. ఇరవైకి పైగా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో ఆ మార్పు చేసుకున్నాయి. 2023 మేలో వచ్చిన కొత్త మార్గదర్శిక బిల్లింగ్ కాగితాల భారాన్ని కొంత తగ్గించడానికి రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చింది.

చెల్లింపు ఎలా జరుగుతుందో కూడా తెలుసుకుంటే మీ సమావేశంలో అధికారులు చెప్పేది అర్థమవుతుంది. మెడికెయిడ్ ఖర్చులో ఫెడరల్ వాటా ఏ రాష్ట్రంలోనైనా కనీసం 50 శాతం. డిస్ట్రిక్టు ముందు జీతం ఇచ్చి, తర్వాత అర్హమైన పని మేరకు ఆ వాటాను తిరిగి పొందుతుంది. ఎంత సమయం అర్హమైన పని మీద పోయిందో లెక్కించడానికి చాలా రాష్ట్రాలు సిబ్బందికి ఏ క్షణంలోనైనా సందేశం పంపి ఇప్పుడు ఏం చేస్తున్నారని అడుగుతాయి. ఆ సందేశాలకు జవాబివ్వడం చికాకుగా అనిపించి కౌన్సెలర్లు వదిలేస్తే రావలసిన డబ్బు రాదు. నేను చూసిన డిస్ట్రిక్టుల్లో మెడికెయిడ్ నష్టపోవడానికి పెద్ద కారణం చట్టం కాదు, ఈ చిన్న అలసత్వమే. అందుకే మూడేళ్ల గ్రాంటు దొరికితే అందులో కొంత భాగాన్ని మొదటి ఏడాదే బిల్లింగ్ పని తెలిసిన ఒక ఉద్యోగి మీద, సిబ్బంది శిక్షణ మీద పెట్టమని నేను సలహా ఇస్తాను. ఆ ఒక్క ఉద్యోగం గ్రాంటు ముగిశాక మిగతా ఉద్యోగాలను నిలబెడుతుంది. మెడికెయిడ్‌ను కూడా కదలని కొండ అనుకోవద్దు. 2025 జులై 4న సంతకమైన చట్టం రానున్న ఏళ్లలో దాని మీద ఫెడరల్ ఖర్చును బాగా తగ్గిస్తుంది, ఆ ఒత్తిడిలో రాష్ట్రాలు ఏం చేస్తాయో గమనిస్తూ ఉండాలి.

మీ రాష్ట్రం సొంత నిధులను కూడా చూడండి. కాలిఫోర్నియాలో 2021లో వచ్చిన చట్టం ప్రకారం, బడిలో ఇచ్చిన మానసిక ఆరోగ్య సేవలకు ప్రైవేటు బీమా కంపెనీలు కూడా 25 ఏళ్ల వయసు వరకు నిర్ణీత ధరల ప్రకారం చెల్లించాలి. కొలరాడోలో గంజాయి అమ్మకాల పన్ను నుంచి బడుల్లో ఆరోగ్య సిబ్బందికి గ్రాంట్లు ఇస్తున్నారు. ఇలాంటి ఏర్పాటు మీ రాష్ట్రంలో ఉంటే అది వాషింగ్టన్ నుంచి వచ్చే దేనికంటేనైనా నిలకడగా ఉండే అవకాశం ఎక్కువ.

దేనికి ఖర్చు చేయాలన్న మీ రెండో ప్రశ్నకు నా జవాబు చిన్నదే: మనుషులకు. కౌన్సెలర్ల జాతీయ సంఘం ఒక కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులు మించకూడదని చెబుతుంది. 2022–23లో దేశ సగటు 385. స్కూల్ సైకాలజిస్టుల విషయంలో సిఫారసు 500 మందికి ఒకరు, వాస్తవంలో ఒక్కొక్కరి మీద దానికి రెట్టింపు మంది ఉన్నారు. ఈ లోటు ఉన్నచోట గ్రాంటు డబ్బుతో ఒకరోజు ఉపన్యాసాలు పెట్టించడం, మొబైల్ యాప్‌లు కొనడం, గోడల మీద పోస్టర్లు వేయించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఉపాధ్యాయులకు శిక్షణ అవసరమే, కానీ ఒక ఆగస్టు మధ్యాహ్నం మూడు గంటలు చెప్పి వదిలేస్తే అక్టోబరుకు ఏమీ మిగలదు. ఏడాది పొడవునా తరగతికి వచ్చి పక్కన కూర్చుని సాయం చేసే మనిషి ఉంటేనే శిక్షణ నిలబడుతుంది. ఆ మనిషి జీతం కూడా చివరికి జీతమే.

ఇంకొక హెచ్చరిక. పిల్లలందరికీ ప్రశ్నపత్రం ఇచ్చి ఎవరికి ట్రామా లక్షణాలున్నాయో కనిపెట్టాలన్న ప్రతిపాదన మీ కమిటీ ముందుకు తప్పకుండా వస్తుంది, ఎందుకంటే దరఖాస్తులో అది చూడడానికి బాగుంటుంది. సహాయం చేసే మనుషులు నియామకమై, కుర్చీల్లో కూర్చున్న తర్వాతే దానికి ఒప్పుకోండి. లోపల దాచుకున్నది బయటపెట్టమని పిల్లను అడిగి, ఆమె చెప్పాక ఆరు నెలలు ఆగమనడం కంటే అసలు అడగకపోవడమే నయం. పైగా విద్యాశాఖ నిధులతో నడిచే సర్వేలో మానసిక సమస్యల గురించి విద్యార్థి తప్పనిసరిగా జవాబివ్వాలంటే తల్లిదండ్రుల ముందస్తు లిఖిత అంగీకారం చట్టప్రకారం కావాలి. ఆ పత్రాలు సేకరించే సమయాన్ని ఎవరూ ప్రణాళికలో లెక్కవేయరు.

కౌన్సెలర్లకు కూడా ఆసరా కావాలి. రోజుకు ఐదారుగురు పిల్లల దుఃఖం వినేవారికి, వారానికి ఒక గంట అనుభవజ్ఞులైన పై నిపుణులతో కూర్చుని మాట్లాడే ఏర్పాటు లేకపోతే రెండేళ్లలో అలసిపోయి వెళ్లిపోతారు. అది విలాసం అనుకుని బడ్జెట్‌లో మొదట కోసేస్తారు. దానిని కోయనివ్వకండి.

తల్లిదండ్రుల ప్రతినిధిగా మీరు మాత్రమే చేయగల పని ఒకటుంది. మన కుటుంబాల్లో చాలామంది, పిల్లవాడు కౌన్సెలర్‌ను కలిస్తే ఆ సంగతి కాలేజీ అడ్మిషన్ల దాకా వెంటాడుతుందని భయపడి అంగీకార పత్రం మీద సంతకం చేయరు. కౌన్సెలర్‌ను కలిసిన విషయం కాలేజీలకు పంపే మార్కుల పత్రంలో (ట్రాన్‌స్క్రిప్టులో) రాదు. 1974 నాటి ఫెర్పా చట్టం విద్యార్థి రికార్డులు ఎవరికి చూపవచ్చో కట్టడి చేస్తుంది, కౌన్సెలర్ తన జ్ఞాపకం కోసం మాత్రమే రాసుకుని ఎవరితోనూ పంచుకోని నోట్సు ఆ రికార్డుల్లోకి రాదు. ఐడియా కింద ఉన్న పిల్లల సేవలకు మెడికెయిడ్‌ను వాడుకునే ముందు తల్లిదండ్రుల లిఖిత అంగీకారం ఒకసారి తీసుకోవాలి, వారు నిరాకరించినా ఆ సేవలను బడి ఉచితంగా ఇవ్వవలసిందే. ఈ రెండు మూడు విషయాలను అధికారుల పత్రంలో చదివినప్పటికంటే, సాటి తల్లి నోట విన్నప్పుడు జనం నమ్ముతారు.

దరఖాస్తు రాసేటప్పుడు ఒక నియమం మరిచిపోవద్దు. ఈ నిధుల్లో చాలావాటిని, ముఖ్యంగా టైటిల్ ఫోర్ వంటివాటిని, ఇప్పటికే స్థానిక డబ్బుతో జరుగుతున్న పనికి అదనంగానే వాడాలి. గ్రాంటు వచ్చింది కదా అని ఉన్న కౌన్సెలర్ జీతాన్ని దాని మీదికి మార్చేస్తే ఆడిట్‌లో దొరికిపోతారు, గ్రాంటు పోయినప్పుడు పాత ఉద్యోగం కూడా పోతుంది. దానికి బదులు మొదటి ఏడాది జీతం మొత్తం గ్రాంటు నుంచి, రెండో ఏడాది మూడింట ఒక వంతు డిస్ట్రిక్టు సొంత బడ్జెట్ నుంచి, మూడో ఏడాది మూడింట రెండు వంతులు బడ్జెట్, మెడికెయిడ్ కలిపి, అని ముందే రాసి, దానిని బోర్డు తీర్మానంగా ఆమోదింపజేయండి. గ్రాంటు పరిశీలకురాలిగా కూర్చున్నప్పుడు నేను ఎక్కువ మార్కులు ఇచ్చింది ఇలాంటి తీర్మానం జతచేసిన దరఖాస్తులకే. తర్వాత ప్రయత్నిస్తామన్న వాక్యానికి ఎప్పుడూ ఇవ్వలేదు.

చివరగా ఒక చిన్న కాగితం పని. ఫెడరల్ గ్రాంటుకు దరఖాస్తు చేయాలంటే డిస్ట్రిక్టుకు శామ్ డాట్ గవ్ వెబ్‌సైటులో చెల్లుబాటులో ఉన్న నమోదు ఉండాలి, దానిని ఏటా పునరుద్ధరించాలి, అందుకు వారాలు పట్టవచ్చు. నమోదు గడువు ముగిసిందని చివరి వారంలో తెలిసి, ఎంతో శ్రద్ధగా రాసిన దరఖాస్తు పంపలేకపోయినవారిని నేను చూశాను. రేపు ఉదయం మీ డిస్ట్రిక్టు ఆర్థిక విభాగానికి ఫోన్ చేసి, ఆ తేదీ ఎప్పటివరకు ఉందో కనుక్కోండి.